వాడిచూసే మనిషి

మూట ముడి విప్పి, బట్టల్ని బల్ల మీద కుప్పగా పోసి, ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా అందులో దూర్చాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి పిండి కలుపుతున్నట్టు కనిపిస్తుంది గాని, ఆయన చేస్తున్నది బట్టలు ఏరడం. వేళ్ళకి నూలు తగిలితే ఎడమ పక్క గంపలోకి, ఉన్ని తగిలితే కుడి పక్క గంపలోకి, జారిపోయే పల్చటి గుడ్డ తగిలితే విడిగా బల్ల చివరికి. ఆ తర్వాత జేబులు. జేబుల్లో జనం ఏమేం మరిచిపోతారో రాస్తే పెద్ద గ్రంథమే అవుతుంది. కలాలు, పిన్నీసులు, తాళంచెవులు, సగం తిని కాగితంలో చుట్టిన బిస్కెట్టు. కలం ఒక్కటి చూసుకోకుండా మెషీన్లో పడిందంటే ఆ విడత బట్టలన్నీ నీలిరంగు పులుముకుని బయటికొస్తాయి. ఆ లాండ్రీలో ఆయన చేతి కింద అలాంటిది ఎన్నడూ జరగలేదు.

బట్టలు ఏరేటప్పుడు ఆయన మొహం బట్టల వైపు ఉండదు. తల కాస్త పక్కకి తిప్పి, గోడకున్న మేకునో తలుపు గడియనో చూస్తున్నట్టుంటాడు. మనుషులతో మాట్లాడేటప్పుడూ అంతే, ఎదుటివాళ్ళ మొహంలోకి సూటిగా చూడడు. షాపుకొచ్చేవాళ్ళు అది అణకువ అనుకుంటారు. ఈ రోజుల్లో ఇంత వినయమున్న మనిషి దొరకడం కష్టమని మెచ్చుకుంటారు కూడా. వినయమూ లేదు, వంకాయా లేదు. ఆయన చూపు నడిమధ్యన మసక పేరుకుని ఏడాది దాటింది. సూటిగా చూస్తే ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట తడి వేలితో తుడిచేసినట్టుంటుంది. పక్కకి చూస్తే మటుకు, చూపు అంచుల్లో చెవులూ భుజాలూ, అదృష్టం బాగుంటే ముక్కూ మూతీ కూడా తగులుతాయి. కళ్ళ డాక్టరు యంత్రం మీద గడ్డం ఆనించమని చూసి, లోపలి పొర పాడవుతోందని, ఉన్నదాన్ని కాపాడగలమేమో గాని పోయినదాన్ని తేలేమని చెప్పాడు. ఆ సంగతి డాక్టరుకి తెలుసు, ఆయనకి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

తెలిస్తే ఉద్యోగం ఉండదు. కాలే ఆవిరి ప్రెస్సు దగ్గర, పరాయివాళ్ళ ఖరీదైన కోట్ల మధ్య, చూపు సరిగా లేని మనిషిని ఎవరు నిలబెడతారు? ఆయన మీసాలు రాకముందు ఈ షాపులో చేరాడు. అప్పటి యజమాని పోయాడు, ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. ఇది తప్ప ఆయనకి వేరే పని రాదు, వేరే చోటు తెలియదు. పొద్దున్నే లేచి వెళ్ళడానికి ఒక చోటంటూ లేకపోతే, తమ్ముడి ఇంట్లో తాను హాల్లో మంచం కింద పెట్టెలాగా మిగిలిపోతానని ఆయన భయం. ఆ భయం నిజమో కాదో గాని, దాన్ని మోసుకుంటూనే రోజూ వస్తున్నాడు.

షాపులో అందరూ ఆయన్ని ‘పర్లేదు’ అంటారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. టీ చల్లారిపోయిందయ్యా అంటే పర్లేదు. ఆదివారం కూడా రావాలయ్యా అంటే పర్లేదు. చిన్నప్పుడు ఇద్దరిలో ఒక్కణ్ణే చదివించగలం అని ఇంట్లో అన్నప్పుడు, తమ్ముణ్ణి చదవనివ్వండి, నాకు పర్లేదు అన్నాడు. కుదిరిన సంబంధాన్ని అమ్మాయి తరఫువాళ్ళు వెనక్కి తీసుకున్నప్పుడు, కబురు తెచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చి పర్లేదండీ అన్నాడు. ఆ తర్వాత ఇంకో సంబంధం ఎవరూ తేలేదు, ఆయన అడగనూ లేదు. తమ్ముడి ఇంట్లో తన గది తమ్ముడి కూతురి కంప్యూటరుకి కావాల్సొస్తే, మంచం హాల్లోకి లాక్కుని, ఇక్కడే గాలి బాగా వస్తుందన్నాడు. గాలి రాదు. మా బావగారు నోట్లో వేలు పెట్టినా కొరకలేరని మరదలు చుట్టుపక్కలందరికీ చెబుతుంది, మెచ్చుకోలుగానే.

ఆ తమ్ముడి కూతురికి పదిహేడేళ్ళు. కాలేజీలో కంప్యూటర్ ప్రాక్టికల్ కోర్సు రెండో ఏడు. పేరుకి ప్రాక్టికలే గాని మొదటి ఏడంతా కంప్యూటర్ల మీద గుడ్డలు తీయకుండా, గోడకి తగిలించిన బొమ్మ మీద కర్ర పెట్టి చూపించడంతోనే గడిచిపోయింది. రెండో ఏడు కొత్త మేడమ్ వచ్చింది. వచ్చిన రోజే గుడ్డలన్నీ లాగేసి మూల పడేసి, ఒక్కొక్కరూ ఒక మనిషిని వెతుక్కోండి అంది. ఆ మనిషి రోజూ చేసే పనికి అక్కరకొచ్చే ప్రోగ్రాము ఒకటి తయారుచేయాలి. అతని చేత వాడించాలి. అతను వాడుతున్నంతసేపూ చేసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి గాని చెయ్యి ఒళ్ళోంచి తీయకూడదు, నోరు మెదపకూడదు. అతను ఎక్కడ తడబడితే అక్కడ తప్పు ప్రోగ్రాముదే. ఆ తప్పు రాసుకోవాలి, దిద్దాలి, మళ్ళీ వాడించాలి. సగం మార్కులు దానికే. అలాంటి మనిషికి మేడమ్ పెట్టిన పేరు ‘వాడిచూసే మనిషి’.

పిల్ల ఇంకెవరినీ వెతకలేదు. పెదనాన్న ఉండగా వేరే మనిషెందుకు అంది. లాండ్రీ కౌంటర్లో ఓ మూల దుమ్ముకొట్టుకుని పడున్న పాత కంప్యూటర్లో తన ప్రోగ్రాము ఎక్కించింది. బట్టలిచ్చే మనిషి ఫోన్ నంబరు కొట్టాలి, ఏ బట్టలో ఎన్నో ఎంచాలి, తీసుకెళ్ళే రోజు వేయాలి, చీటీ వస్తుంది. మొదటిరోజు ఒక్కొక్క గడీ వేలితో చూపిస్తూ చదివి వినిపించింది. “ఇది నంబరు పెదనాన్నా. ఇక్కడ బాణం కీ నొక్కితే బట్టలు వరసగా వస్తాయి. మొదటిది షర్టులు, తర్వాత ప్యాంట్లు, తర్వాత కోట్లు...” ఆయన పక్కకి చూస్తూ శ్రద్ధగా విన్నాడు. విన్నది విన్నట్టే మనసులో వేసుకున్నాడు. షర్టుకి ఒక నొక్కు, ప్యాంటుకి రెండు, కోటుకి మూడు. అంకెల దగ్గర అయిదు మీద చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మిగతావి వేళ్ళకే తెలుస్తాయి. తెర మీద ఏముందో ఒక్క ముక్క చదవకుండా ఆయన ఆ ప్రోగ్రామంతా కంఠస్థం పట్టేశాడు. పిల్ల పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుంటే, చకచకా నొక్కి చీటీ చేతిలో పెట్టేవాడు. “ఏమైనా ఇబ్బందిగా ఉందా పెదనాన్నా?” అంటే, “పర్లేదమ్మా, బంగారంలా ఉంది” అనేవాడు.

అదే కొంప ముంచింది. నిన్న సాయంత్రం పిల్ల కాలేజీ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. మేడమ్ ప్రాజెక్టు తిప్పి పంపిందట. ఇది పరీక్ష రిపోర్టా, సన్మాన పత్రమా అందట. నెల్లాళ్ళు వాడినా ఒక్క తప్పూ దొరకలేదంటే, అయితే ఆ మనిషి వాడలేదు, లేకపోతే నువ్వే ఇంట్లో కూర్చుని రాసుకున్నావు అందట. రేపు మధ్యాహ్నం నేనే షాపుకొచ్చి కళ్ళతో చూస్తాను, అప్పుడూ ఇంతే అయితే సున్నా వేస్తాను అని కూడా అందట. రేపటితో గడువు సరి. ఈ ప్రాక్టికల్ పోతే పై కోర్సులో సీటు రాదు. పిల్ల అన్నం ముందు కూర్చుని చెబుతూ చెబుతూ ఏడ్చింది. “నిజంగా ఏమీ ఇబ్బంది లేదా పెదనాన్నా? ఏదో ఒకటి చెప్పొచ్చు కదా!” అంటే ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఏదో ఒకటి చెబితే, దాని వెనక ఇంకోటి, దాని వెనక కళ్ళూ బయటికొస్తాయని ఆయనకి తెలుసు.

ఇదీ ఆ పొద్దుట ఆయన నెత్తిన ఉన్న బరువు. బట్టలు ఏరుతున్నా, మెషీన్లో వేస్తున్నా, దాని చుట్టూనే తిరుగుతున్నాడు.

తొలి బేరం రిటైరైన హెడ్మాస్టారిది. షర్టులు నాలుగు, ప్యాంట్లు రెండు, కోటు ఒకటి. ఆయన నంబరు అడిగి కొట్టి, బాణం కీ అలవాటుగా నొక్కి, చీటీ చింపి చేతికిచ్చాడు. హెడ్మాస్టారు ఏ కాగితాన్నయినా పైకి చదివి గాని జేబులో పెట్టుకోడు.

“కర్టెన్లు నాలుగు, కోట్లు రెండు, గౌను ఒకటి.” చీటీ కిందికి దించి, కళ్ళద్దాల మీంచి చూశాడు. “గౌను నాకు ఎప్పుడు కుట్టించావయ్యా?”

లోపల లెక్కలు చూసుకుంటున్న యజమాని పగలబడి నవ్వాడు. “పర్లేదు బాబాయ్, మాస్టారికి గౌను వేశావా!”

“హడావుడిలో చెయ్యి జారిందండీ” అని ఆయన చీటీ లాక్కుని చింపేసి, ఇంకోటి చేత్తో రాసిచ్చాడు. నవ్వుతూనే ఇచ్చాడు గాని లోపల తడి బట్ట పిండినట్టయింది. పిల్ల రాత్రి కూర్చుని ఏదో మార్చింది, ఇంట్లో కంప్యూటర్లో మారిస్తే నెట్టు మీద షాపులోదీ మారిపోతుంది. ఏదో ఒక మెరుగు చూపిద్దామని బట్టల పేర్లన్నీ అక్షర క్రమంలోకి తెచ్చేసింది, చెప్పడానికి పొద్దున్న ఆయన ఎదురుపడలేదు. చదవగలిగే మనిషికి అది ఒక లెక్కే కాదు.

మధ్యాహ్నం యజమాని భోజనానికి ఇంటికి వెళ్ళగానే ఆయన స్టూలు తెరకి దగ్గరగా లాక్కున్నాడు. ముక్కు అద్దానికి తగిలేంత వంగి, తల పక్కకి తిప్పి, చూపు అంచుతో ఒక్కొక్క అక్షరమే పట్టుకున్నాడు. అక్షరాలు కూడా సన్నపడ్డాయి, లేత రంగు మీద ఇంకా లేత రంగు. క... ఆ తర్వాత రేఫా, వలపల గిలకా... కర్టెన్లు. పేరు దొరికాక కళ్ళు మూసుకుని నీళ్ళు కారిందాకా ఆగి, మళ్ళీ రెండో పేరు. క్యారేజీ విప్పలేదు. యజమాని తిరిగొచ్చేసరికి కొత్త వరుస కూడా ఆయన వేళ్ళకి వచ్చేసింది. షర్టులు ఇప్పుడు చిట్టచివర. ఇంక ఎవరొచ్చి చూసినా తప్పు దొర్లదు.

అప్పుడు గాని ఆయనకి తట్టలేదు, తప్పు దొర్లకపోతేనే పిల్లకి సున్నా అని. చేతులు బల్ల మీద పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ ఆయన ఎంత బాగా దాచుకుంటే అంత బాగా పిల్లని ముంచుతూ వచ్చాడన్నమాట.

మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద సంచీ, నడక మటుకు రైలు అందుకోబోతున్నట్టుంటుంది. వెనకాలే పిల్ల. యజమాని మర్యాదగా కుర్చీలు వేయించి, తానూ చోద్యం చూడడానికి కౌంటరుకి ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల నియమం ప్రకారం పెదనాన్న పక్క స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మేడమ్ కలం మూత తీసింది.

“కానివ్వండి. మేం లేమనుకోండి.”

ఆయన కానిచ్చాడు. గంపలోంచి నాలుగు రకాల బట్టలు తీసి, నంబరు కొట్టి, బాణం నొక్కి, ఎక్కడా ఆగకుండా చీటీ తీశాడు. మేడమ్ చీటీ చూసింది. ఒక్క పొల్లు తప్పు లేదు.

“ఎక్కడా ఇబ్బంది లేదా?”

“పర్లేదండీ.”

మేడమ్ పిల్ల వైపు చూసింది. పిల్ల తల వంచుకుంది. అప్పుడు యజమాని, మంచి చేస్తున్నాననుకుని, అందుకున్నాడు. “పొద్దున మాత్రం హెడ్మాస్టారికి గౌను వేశాడండీ!”

“గౌనా?” మేడమ్ కలం మళ్ళీ లేచింది. “ఎలా వచ్చింది?”

“అది నాదే తప్పండీ” అన్నాడు ఆయన గాభరాగా. “అమ్మాయిది కాదు. ప్రోగ్రాము మంచిదే.”

“మీ తప్పు నాకక్కర్లేదండీ” అని నిట్టూర్చింది మేడమ్. “నాకు దాని తప్పు కావాలి. మీరిలా అన్నీ మీ మీద వేసుకుంటే దీనికి నేనేం మార్కులు వేయను?”

ఆయన కీబోర్డుని కాస్త వెనక్కి నెట్టాడు. “రాత్రి అమ్మాయి వరుస మార్చిందండీ. నేను పాత వరుసలో నొక్కేశాను.”

“మారితే మారింది. పేరు అక్కడే రాసుంది కదా? చదివి నొక్కొచ్చు కదా?”

లోపల మెషీను ఒకటి గిరగిరా తిరుగుతోంది. తొందరలో చూసుకోలేదండీ అంటే చాలు, ఇల్లూ ఉద్యోగమూ ఎక్కడివక్కడ ఉంటాయి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. పిల్ల మొహం ఎలా ఉందో చూడాలనిపించింది. చూడాలంటే దాని వైపు కాకుండా వేరే వైపు తిరగాలి. వీధి తలుపు వైపు తిరిగాడు. చూపు అంచులో పిల్ల చెంప కనిపించింది, చెంప మీద తడి కనిపించింది, ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకోవడం కనిపించింది. నియమం తప్పకూడదని ముక్కు కూడా ఎగబీల్చడం లేదు పిచ్చిది. దాని మీద ఆయనకి ఎంత ప్రేముందో ఆ క్షణాన ఆయనకే కొత్తగా తెలిసినట్టయింది.

“చదవలేనండీ” అన్నాడు తలుపు వైపు చూస్తూనే. “నాకు కనపడదు.”

మేడమ్ కలం ఆగింది.

“ఏడాదై కనపడ్డం లేదు. ఇవాళ మధ్యాహ్నం దాకా ఈ ప్రోగ్రాములో ఒక్క ముక్క కూడా నేను చదవలేదు. ఎన్నిసార్లు నొక్కాలో గుర్తుపెట్టుకుని నొక్కుతున్నాను. అమ్మాయికి తెలీదు. అబద్ధం నాది, అది రాసింది మటుకు నిజమే. నేను బాగుందన్నాను, అది బాగుందని రాసింది.”

యజమాని కౌంటరు మీంచి చెయ్యి తీశాడు. మేడమ్ ఒక్క క్షణం ఆయన్నే చూసి, కుర్చీ ముందుకి లాక్కుంది. ఆవిడ గొంతులో జాలి లేదు, పని ఉంది. అది ఆయనకి హాయిగా అనిపించింది.

“ఇప్పుడు చెప్పండి. ఏం బాగాలేదు?”

ఒకసారి నోరు తెరిచాక ఆయన ఆగలేదు. “అక్షరాలు చీమల్లా ఉంటాయండీ. అదీ తెల్ల చీమలు. గోడకి సున్నం వేసినట్టు అంతా ఒకటే రంగు. దాచిపెట్టే బటనూ తీసిపారేసే బటనూ పక్కపక్కనే పెట్టింది. రెండుసార్లు ఒక పెద్దావిడ దుప్పట్లు మాయం చేసి, భయపడి చేత్తో చీటీ రాసిచ్చాను. ప్రతిదానికీ ‘నిజంగానేనా, నిజంగానేనా’ అని అడుగుతుంది, నేనేమన్నా దొంగనా అండీ? తప్పు నొక్కితే కీచుమంటుంది. ఆ అరుపుకి వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా తిరిగి చూస్తారు.” ఇలా ఏకరువు పెడుతుంటే ఆయన మెడ నిటారుగా లేచింది, చేతులు గాల్లోకి లేచాయి. “తీసుకెళ్ళే రోజు వేసే గడి ఎక్కడో కింద మూల పెట్టింది, వెతుక్కోలేక చచ్చాను. హాల్లో గాలి కూడా రాదు.”

మేడమ్ రాసుకుంటూ రాసుకుంటూ ఆగింది. “అది ప్రోగ్రాములోదేనా అండీ?”

“కాదండీ” అన్నాడు ఆయన సిగ్గుపడి. “అది ఇంట్లోది.”

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వేళ్ళ మధ్య నుంచి బయటికొచ్చింది. నియమం తప్పినట్టే గాని మేడమ్ దాన్ని పట్టించుకోలేదు. “చాలు, ఇంక నువ్వు మాట్లాడొచ్చు” అంది. “మాట్లాడక్కర్లేదు కూడా. దిద్దు. కాలేజీ మూసేదాకా టైముంది, నేనిక్కడే కూర్చుంటాను.”

పిల్ల మొహం తుడుచుకుని కీబోర్డు ముందుకి జరిగింది. జరుగుతూ ఆయన చెవి దగ్గర, “నాతో అయినా చెప్పకపోయావా పెదనాన్నా” అంది. కోపంగానే అంది. ఆయన ఈసారి పర్లేదు అనలేదు. “చెప్పాల్సిందమ్మా” అన్నాడు.

యజమాని ఆయన్ని లోపలికి, ప్రెస్సుల దగ్గరికి రమ్మన్నాడు. చిన్నప్పుడు ఇతణ్ణి ఆయన ఇదే గదిలో బట్టల గంపలో కూర్చోబెట్టి ఆడించాడు. ఇప్పుడు అతని తల నెరుస్తోంది.

“పోయిన చలికాలం ప్రెస్సు కింద ఎవరిదో ఉన్ని కోటు కాలినప్పుడే నేను అడగాల్సింది బాబాయ్.”

“ఆరోజు తప్పు మెషీను మీదకి నెట్టేశాను నాన్నా. కాల్చింది నేనే.”

“ఏదైనా అయితే మీ తమ్ముడికి నేనేం సమాధానం చెప్పను? ఆ చేతులు ఒక్కసారి దాని కింద పడితే...” అతను ప్రెస్సు మూత వైపు చూశాడు. “ప్రెస్సు వద్దు. కౌంటర్లో కూర్చో. అమ్మాయి పెద్ద అక్షరాలు పెడుతోందిగా.”

ఆయన ఆలోచించాడు. మొదటిసారి, ఎవరో ఇచ్చినదాన్ని వెంటనే తీసుకోకుండా ఆలోచించాడు. “కౌంటర్లో కూర్చునేవాడు మరక చూసి ఒప్పుకోవాలి కదయ్యా. మనం తీసుకున్నప్పుడే ఉందా, మన దగ్గర పడిందా అని రేపు ఎవరైనా నిలదీస్తే నేనేం చెప్తాను? వద్దులే. నాకు మనసొప్పదు. ఇవాళ్టితో మానేస్తాను.” గోడ వైపు చూస్తూ అన్నాడు. “వెళ్ళాలని లేదు. అది మటుకు నిజం. బాధగానే ఉంది.”

యజమాని కళ్ళు తుడుచుకోవడం ఆయనకి చూపు అంచులో లీలగా కనిపించింది. కనపడనట్టే ఊరుకున్నాడు. ప్రెస్సులు రెండూ ఆర్పి, గుడ్డతో తుడిచి, మూతలు దించాడు. “కుడి పక్కదానికి వేడి ఎక్కువ. కొత్తగా వచ్చే అతనికి చెప్పు. సన్నబట్టలు దాని మీద వేయొద్దను” అన్నాడు.

బయట మేడమ్ టీ గ్లాసు పట్టుకుని పిల్ల భుజం మీంచి చూస్తోంది. ఎండ వీధి అవతలికి జరిగే వేళకి పిల్ల లేచి, “కూర్చో పెదనాన్నా” అని, తను వెళ్ళి పక్క స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన కూర్చుని, అలవాటుగా తల పక్కకి తిప్పాడు. తెర నల్లటి పలకలా మారింది, దాని మీద పసుపుపచ్చటి అక్షరాలు, ఒక్కొక్కటి పిడికిలంత. ‘నంబరు.’ చదివాడు. మళ్ళీ చదివాడు. వంగక్కర్లేదు, ముక్కు అద్దానికి ఆనించక్కర్లేదు. కింద ‘కొత్త మనిషి’ అని ఇంకో బటను ఉంది. అది నెల్లాళ్ళుగా అక్కడే ఉందట, ఆయనకి ఇవాళే పరిచయం.

“మళ్ళీ మొదటి నుంచి వాడి చూపించండి” అంది మేడమ్. “నిజం బట్ట, నిజం మనిషి ఉండాలి.”

గంపలు ఖాళీ అయిపోయాయి. కౌంటరు ముందు ఎవరూ లేరు. ఆయన అటూ ఇటూ చూసి, లేచి నిలబడి, ఒంటి మీదున్న నీలం పనికోటు విప్పి కౌంటరు మీద పెట్టాడు. ‘కొత్త మనిషి’ నొక్కాడు. పేరు దగ్గర ఒక్కో అక్షరం వెతికి వెతికి తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా కొట్టాడు.

యజమాని వంగి చదివాడు. “ఇదా బాబాయ్ నీ పేరు? నాన్న నోట కూడా ఎప్పుడూ వినలేదే!”

“ఇదే” అన్నాడాయన.

రకం దగ్గర షర్టులు మొదట, ప్యాంట్లు తర్వాత, కోట్లు ఆ తర్వాత. నొక్కులు లెక్కపెట్టకుండా, చదువుకుంటూ కిందికి దిగి ‘కోట్లు’ దగ్గర ఆగాడు. ఎన్ని? ఒకటి. తీసుకెళ్ళే రోజు. ఆ గడి దగ్గర ఆయన వేలు గాల్లో ఆగింది. ఆగి, అక్కడ ఏమీ కొట్టకుండా ముందుకి జరిపాడు. తెర కీచుమనలేదు, నిజంగానేనా అని అడగలేదు. కిందున్న యంత్రం చీటీ తీసి చేతిలో పెట్టింది.

“అమ్మా, ఇది కూడా రాసుకోండి” అన్నాడు మేడమ్‌తో. “రోజు వేయకపోయినా ఊరుకుంటోంది. ఊరుకోకూడదు.”

మేడమ్ రాసుకుంది. రాసుకుని, పిల్ల కాగితాలన్నీ సంచీలో పెట్టుకుంది. “పాస్” అంది, ఇంకేమీ చెప్పకుండా. పిల్ల కీబోర్డు అందుకోబోతే ఆయన ఆపాడు. “రేపు దిద్దుకుందువుగాని. ఇంటికి పోదాం పద. చీకటి పడితే నాకు మెట్లు తెలీవు.” ఇన్నాళ్ళూ అది కూడా ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఆయన మోచెయ్యి పట్టుకుంది. గుమ్మం దిగుతూ, తన కంప్యూటరున్న గదిలోకి పెదనాన్న మంచం ఈ రాత్రే మార్చేద్దాం అని ఏదో అంటోంది, ఆయన కిటికీ వైపే వేయాలని చెబుతున్నాడు.

లోపల యజమాని ఆ కోటుని హేంగరుకి తగిలించాడు. చీటీ దాని జేబుకి గుచ్చి, ఉతికి ఇస్త్రీ చేసి మనుషుల కోసం ఎదురుచూస్తున్న బట్టల వరుస చివర వేలాడదీశాడు. మోచేతుల దగ్గర వెలిసిపోయిన నీలం కోటు, జేబు మీద పెద్దపెద్ద అక్షరాలతో ఒక మనిషి పూర్తి పేరు, దాని కింద తీసుకెళ్ళే రోజు రాయాల్సిన గడి ఖాళీగా.